నూరేళ్ళ ఆకు, తొలి నీళ్ళు

గండశిల కోటలోకి వెళ్ళినవాళ్ళు ఏమవుతారో కాపలావాళ్ళకి బాగా తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం ఊతకర్ర పొడుచుకుంటూ పెద్ద ద్వారం దగ్గరికి వచ్చిన తెల్లగడ్డం ముసలివాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. ఒకడైతే తన కుండలోంచి మంచినీళ్ళు కూడా పోశాడు.

"ఏం పని మీద వచ్చావు తాతా?" అన్నాడు ద్వారపాలకుల నాయకుడు కంకుడు.

"తేయాకు రుచి చూసి వయసు చెప్పేవాణ్ణి నాయనా. మీ దొరగారు చాటింపు వేయించారు కదా, విని వచ్చాను."

"నీకంటే ముందు ముగ్గురొచ్చారు. ముగ్గుర్నీ ఈ చేత్తోనే లోపలికి పంపాను. బయటికి పంపాల్సిన పని ఒక్కసారీ పడలేదు. నా మాట విని, వచ్చిన దారినే పో."

"ఈ వయసులో బయట మాత్రం నాకేముందిలే నాయనా" అంటూ ముసలివాడు లోపలికి అడుగుపెట్టాడు.

ఆ గడ్డం మేకవెంట్రుకలది. దాని కింద ఉన్నవాడు ఇరవై నాలుగేళ్ళ శరభుడు. మహాచీన సరిహద్దు నుంచి నీలకందర రాజ్యానికి కంచరగాడిదల మీద తేయాకు తోలే వర్తకుడు హేమాంకుడి కొడుకు. మూడు నెలల కిందట కొండ కనుమలో శుష్కనాథుడనే మాంత్రికుడి మనుషులు ఆ బిడారు మీద పడ్డారు. హేమాంకుణ్ణి నరికేశారు. ఆయన కూతురు శారికని, ఏడు తేయాకు బిళ్ళలని పట్టుకుపోయారు. శరభుడు ఆ రోజు వెనకపడ్డ గాడిద కోసం ఆగాడు కాబట్టి బతికాడు. అలా బతికినందుకు తనని తాను రోజూ తిట్టుకుంటూనే ఉన్నాడు.

ఇంతకీ ఆ బిళ్ళల్లో ఏముందంటే, చెప్పుకోవలసిన సంగతే ఉంది. మహాచీన దేశపు పడమటి కొండల్లో ఒక ఆకు పండుతుంది. దాన్ని కోసి, వేయించి, పులియబెట్టి, ఆవిరి పట్టి, రాతి కింద అణిచి బిళ్ళలు చేసి, వెదురు పొరల్లో చుట్టి దాస్తారు. మామూలు తేయాకు రెండేళ్ళకే గడ్డిలా చప్పబడిపోతుంది. ఈ నల్లాకు మాత్రం దాచేకొద్దీ మెత్తబడుతుంది, చేదు విరిగి కమ్మబడుతుంది. తాను చూసిన ఎండల్నీ వానల్నీ అది లోపలే దాచుకుంటుందని ఆ వర్తకుల నమ్మకం. శరభుడి ముత్తాత చేసిన బిళ్ళ ఒకటి వంశంలో అలా చేతులు మారుతూ వచ్చి, ఈ ఏడు సరిగ్గా నూరేళ్ళు నిండింది. దాని కోసం ఎవరో ఒకరు కాచుకుని ఉంటారని హేమాంకుడికి అనుమానం ఉండనే ఉంది. అందుకని సంతలో ఆరు కల్తీ బిళ్ళలు కొని, అసలుదాన్ని వాటిలో కలిపేసి, ఏడింటికీ ఒకే తీరు పొర చుట్టాడు. ఏది ఏదో నాలుక తప్ప ఇంకేదీ చెప్పలేదు. ఆ నాలుక తండ్రి తర్వాత కొడుకుకే వచ్చింది. శారికకి రాలేదు.

ఆ సంగతి మాంత్రికుడు నమ్మలేదు. తెలిసి కూడా చెప్పడం లేదనుకుని ఆ పిల్లని రాయి చేయడం మొదలుపెట్టాడు. ఒక్కసారిగా చేస్తే నోరు విప్పదు కదా, అందుకని రోజుకి జానెడు చొప్పున, ప్రతి సూర్యాస్తమయానికీ రాయి ఆమె కాళ్ళ నుంచి పైకి ఎక్కేలా మంత్రం వేశాడు. ఈ పొద్దు వాలితే రాయి తల దాటుతుంది. ఆ తర్వాత శరభుడికి చెల్లెలు లేనట్టే.

ఆ మందిరం వైభోగం చెప్పాలంటే వేయి నోళ్ళు కావాలి, చూడాలంటే మాత్రం రాతి గుండె కావాలి. గజదంతాల్లా వంగిన నలభై నల్లరాతి స్తంభాలు, స్తంభానికొక కంచు సర్పం, సర్పం పడగ మీద ఆరని దీపం. పైకప్పు నిండా గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతూ, పొగకి ఉక్కిరిబిక్కిరై ఉండుండి కీచుమంటున్నాయి. నడుమ నిప్పుల గుండం. దాని చుట్టూ ఏడు పీటలు, పీటల మీద ఏడు బిళ్ళలు. గుండం పక్కన ముగ్గురు మనుషులు కూర్చుని ఉన్నారు. చేతుల్లో గిన్నెలు, సగం తెరిచిన నోళ్ళు, ముఖాల్లో అప్పుడే ఏదో చెప్పబోతున్న ఆత్రం. అడుగు దగ్గరికి వేశాకగానీ ముగ్గురూ రాతి బొమ్మలని శరభుడికి తెలియలేదు. వాళ్ళు చెప్పినవి తప్పు జవాబులు కాబోలు.

వాళ్ళ వెనక, స్తంభానికి ఆనుకుని, శారిక.

గడ్డం దాకా రాయి. పైన మాత్రం పద్దెనిమిదేళ్ళ ముఖం, చెదిరిన జుట్టు, బతికున్న కళ్ళు. ఆ కళ్ళు ముసలివాడి వేషాన్ని చూసి పక్కకి తిరిగాయి. తర్వాత అతని చేతుల మీద పడ్డాయి, అక్కడే ఆగిపోయాయి. బొటనవేలి మీద గాడిద కరిచిన మచ్చ ఆమెకి తెలియనిది కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శరభుడు ముసలి దగ్గు ఒకటి తెచ్చిపెట్టుకుని ముఖం తిప్పుకున్నాడు.

"వచ్చావా వృద్ధుడా?" అంటూ గుండం అవతలి నుంచి శుష్కనాథుడు లేచాడు. పేరుకి తగినవాడు. ఎముకల మీద తోలు తప్ప ఒంట్లో మరేమీ లేదు. వేళ్ళకి మాత్రం పది ఉంగరాలు. "ఈ ఏడింటిలో నూరేళ్ళ ఆకు ఏదో చెప్పు. సరిగ్గా చెబితే ఏది అడిగితే అది ఇస్తాను. తప్పు చెబితే అదిగో, ఆ ముగ్గురి పక్కన నాలుగో చోటు ఖాళీగా ఉంది."

"నాకు ఆ రాతిపిల్ల కావాలి దొరా. ముసలివాణ్ణి, గంజి కాచిపోసే దిక్కు లేదు."

మాంత్రికుడు పళ్ళు బయటపెట్టాడు. "తీసుకుపో. పొద్దువాలే లోపు నీ పని ముగిస్తే దాని ముఖమైనా మిగులుతుంది."

శరభుడు బిళ్ళల ముందు కూర్చున్నాడు. మొదటిదాని పొర విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తడిసిన గోనెసంచి వాసన. చెమ్మ కొట్టులో పడేసి నల్లబరిచిన సరుకు. పక్కకి తోసేశాడు. రెండోదీ అంతే. మూడోదాన్ని విరిస్తే లోపల పసుపు రంగు పొడి మిలమిలలాడింది. మంచి ఆకుకి ఏళ్ళ తరబడి లోలోపల అలాంటి పసుపు పూత పూస్తుంది. దాన్ని చూడగానే మాంత్రికుడి మెడ ముందుకి సాగింది. శరభుడు చిటికెడు తీసి నాలుక మీద రాసుకున్నాడు.

"ఇది పూత కాదు దొరా, వంటింటి పసుపు. ఎవడో సంత మాయగాడు అద్దాడు."

నాలుగోది గోటితో గీస్తే బొగ్గులా రాలింది. ఐదోదాంట్లో సగం చింతాకే. ఆరు, ఏడు మిగిలాయి. రెండూ ఒకే నలుపు, ఒకే బరువు. రెండూ వెదురు పొర విప్పగానే పాత చందనప్పెట్టె తెరిచినట్టు వాసన వేశాయి. ఇక కాచి తాగాల్సిందే.

నడుములోని దబ్బనం తీసి, దాని మొన బిళ్ళ అంచులోకి దింపి, ఆకు విరగకుండా పొరపొరగా లేపి, చిటికెడు ఒక్కో మట్టిగిన్నెలో వేశాడు. నీళ్ళలో ఆవగింజలంత బుడగలు లేచి, అవి బఠాణీలంత అయ్యేదాకా ఆగి పోశాడు. పోసిన మరుక్షణమే ఆ నీళ్ళని నేల మీద పారబోశాడు.

"ఆగు! పారబోస్తావేం?" అని గద్దించాడు మాంత్రికుడు.

"తొలి నీళ్ళు మేం తాగం దొరా. దారిలో కనుమల్లో పడి చచ్చిన కంచరగాడిదల వాటా అది. వాటి వీపుల మీద రాకపోతే ఈ ఆకు మన దాకా వచ్చేదా? మా వాళ్ళలో ఏ ఇంట్లోనూ తొలి నీళ్ళు గొంతు దిగవు."

మాంత్రికుడు విరగబడి నవ్వాడు. "గాడిదలకి తర్పణాలా! పోయి పోయి గాడిదలకి!"

శరభుడు రెండో నీళ్ళు పోసి, నేరేడు పండు రంగు దిగాక ఆరో గిన్నె ఎత్తాడు. నాలుక మీద పడగానే తియ్యగా ఉంది. మింగాక మాత్రం గొంతు పిడచకట్టుకుపోయింది. తొందరపెట్టి మగ్గించిన ఆకు అలాగే చేస్తుంది. ఏడో గిన్నె ఎత్తాడు. మొదట ఏ రుచీ లేదు. అంతలో కర్పూరపు చలవ, ఎండు ఖర్జూరం, వాన పడ్డ మట్టి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మింగాక చాలాసేపటికి గొంతులోంచి తీపి తిరిగి పైకి ఊరింది. వీపంతా సన్నగా చెమట పట్టింది. గిన్నె అడుగున ఉడికిన ఆకుని వేళ్ళ మధ్య నలిపితే లేత తమలపాకులా విప్పుకుంది. ఈ ఆకుని ముత్తాత చేతులు అణిచాయి. తాత ఏటేటా ఎండలో పెట్టాడు. దీని కోసం నాన్న చచ్చిపోయాడు. ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేకపోయాడు.

"పొగ దొరా, కళ్ళలో పడింది" అన్నాడు గడ్డం చివర తుడుచుకుంటూ. "ఇదే నూరేళ్ళ ఆకు."

శుష్కనాథుడు ఏడో బిళ్ళని రెండు చేతుల్లోకీ తీసుకుని గుండెకి హత్తుకున్నాడు. సొంత బిడ్డనైనా వాడు అలా ఎత్తుకుని ఉండడు.

"విను వృద్ధుడా. చిటికెడు కాస్తే ఇది వట్టి కషాయం. బిళ్ళ మొత్తం ఒకే కూజాలో విప్పుకున్నప్పుడు దాని నూరేళ్ళూ తొలి నీళ్ళలోకి దిగుతాయి. నేను కళ్ళు మూసుకుని మంత్రం జపిస్తూ ఆ నీళ్ళు తాగాలి. తాగేదాకా కళ్ళు తెరవకూడదు. ఆ నూరేళ్ళూ నా ఆయుష్షుకి కలుస్తాయి. నా ఒక్కడికే! మంత్రం లేనివాళ్ళని ఆ నీళ్ళు తాకితే ఆయుష్షు కాదు, వయసు మీద పడుతుంది. ఒక్క చుక్క కింద పడనివ్వకు. కాచు!"

ఈ మాట విన్నప్పుడు మన శరభుడు రాజ్యం గురించి ఆలోచించాడని రాస్తే వినడానికి బాగుండేది. ఆ మాంత్రికుడికి మరో నూరేళ్ళు ఆయువిస్తే నీలకందరంలో ఎన్ని ఊళ్ళు రాళ్ళవుతాయో లెక్క వేశాడని రాయొచ్చు. అతను అదేమీ ఆలోచించలేదు. పడమటి కిటికీ నీడ ఎంత సాగిందో చూశాడు. వాడి నూరేళ్ళు వాడు తాగనీ, చెల్లెలి ముఖం మీదికి రాయి ఎక్కే లోపు ఇక్కణ్ణించి బయటపడదాం అనుకున్నాడు. అంతే.

పెద్ద కూజా గుండం అంచున పెట్టాడు. బిళ్ళ పొరలన్నీ విడదీసి అందులో వేశాడు. మాంత్రికుడు పద్మాసనం వేసుకుని, కళ్ళు మూసుకుని, అరచేయి చాచి జపం మొదలుపెట్టాడు. నలభై సర్పాల పడగల మీద దీపాలు ఒక్కసారి పచ్చబడ్డాయి. గబ్బిలాల కీచులాట ఆగిపోయింది. నీళ్ళు మరిగాయి. ఆవగింజలు, బఠాణీలు. శరభుడు పోశాడు. ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో ఇంటి కొట్టు వాసన, చీకట్లో నాన్న బిళ్ళలు సర్దుతూ తీసే కూనిరాగం, గాడిదల మెడగంటలు, అన్నీ కలిసి వచ్చి అతని మీద పడ్డాయి. అతని చెయ్యి కూజాని వంచింది.

ఆరేళ్ళ వయసు నుంచి రోజుకి పదిసార్లు చేసిన పని. ఎవరూ చెప్పనక్కరలేకుండా, తాను అనుకోకుండా, తొలి నీళ్ళు నేల మీద పారబోశాడు.

పారబోశాక గానీ తెలియలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. నల్లటి నీళ్ళు రాతి పలకల సందుల్లోంచి పాయకట్టి, ముగ్గురు రాతిమనుషుల్ని తాకకుండా వాళ్ళ నడుమ నుంచి వంకర తిరిగి, సూటిగా శారిక పాదాల వైపు పోతున్నాయి. అరచేతులు అడ్డం పెట్టి ఆపుదామని దూకాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

శుష్కనాథుడి శిలామంత్రానికి అరవై ఏళ్ళే గడువు. నూరేళ్ళ నీళ్ళు తాకగానే రాయి మీద అరవై ఏళ్ళు క్షణంలో గడిచిపోయాయి. పాదాల దగ్గర పటపటమని పగుళ్ళు పుట్టి మోకాళ్ళకీ, నడుముకీ, మెడకీ పాకాయి. రాయి పెంకులు పెంకులుగా రాలిపోయింది. ఒక్క క్షణం ఆనందం. "శారీ!" అని నోరు తెరిచాడు. మిగిలిన నలభై ఏళ్ళూ, గడిచిన అరవయ్యీ, మొత్తం నూరూ ఆ పిల్ల మీద పడ్డాయి. నల్లటి జుట్టు వేళ్ళ నుంచి కొసల దాకా తెల్లబడింది. చెక్కిళ్ళు లోపలికి పోయాయి. నడుము వంగింది. చేతుల చర్మం ముడతలుపడి నరాల మీద వేలాడింది. ముందుకి ఒరిగిపోతున్నదాన్ని పట్టుకున్నాడు. గడ్డిమోపంత బరువు కూడా లేదు.

"అన్నయ్యా..." అంది. గొంతు చీలికలుగా వచ్చింది. "కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయిరా. కళ్ళకేదో పొర కమ్మింది. మనం బయటపడ్డామా?"

 చెప్పడానికి వ్యవధి లేదు. జపం ఆఖరికి వస్తోంది. చాచిన అరచేయి అసహనంగా కదులుతోంది. ఆమెని స్తంభానికి ఆనించి, శరభుడు రెండోసారి నీళ్ళు పోసి, గిన్నె నింపి ఆ అరచేతిలో పెట్టాడు. మరుక్షణం చెల్లెల్ని వీపు మీద వేసుకుని పరుగు తీశాడు.

వెనక శుష్కనాథుడు గటగటా తాగాడు. మంత్రం నోరు తెరుచుకుని నూరేళ్ళ కోసం వెతికింది. గిన్నెలో ఏళ్ళు లేవు, వట్టి తేనీళ్ళు. ఆకలిమీదున్న మంత్రం ఊరుకుంటుందా? దొరికినవాడినే పీల్చుకుంది. వాడి పళ్ళు ఒక్కొక్కటే ఒళ్ళో రాలాయి. వేళ్ళు ఎండి ఉంగరాలు జారి నేల మీద గలగల దొర్లాయి. శరభుడు రెండో వాకిలి దాటుతుండగా కోట గోడలు అదిరేలా కేక వినపడింది.

"ద్రోహం! ద్రోహం! ముసలి పరీక్షకుణ్ణి పట్టండి! రాతిపిల్లని పట్టండి! పద్దెనిమిదేళ్ళ పిల్ల! వదలకండి!"

నాలుగు బురుజుల మీద నగారాలు మోగాయి. మెట్ల మీద నుంచి కత్తులు దూసిన భటులు జలపాతంలా దిగుతున్నారు. శరభుడు గుర్రాలశాల గోడ చాటున దూరి, గడ్డం పీకి పేడకుప్పలో పారేశాడు. తాను కప్పుకున్న తెల్ల శాలువా చెల్లెలి భుజాల మీద కప్పి, ఊతకర్ర ఆమె చేతికిచ్చాడు. నడివయసు కూడా రాని కుర్రవాడు, ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని నడిపిస్తూ పెద్ద ద్వారం వైపు బయల్దేరాడు. భటులు వాళ్ళని తోసుకుంటూ లోపలికి పరిగెత్తారు. ఒక్కడూ రెండోసారి తలెత్తి చూడలేదు.

ద్వారం సగం మూసేశారు. కంకుడు బల్లెం అడ్డం పెట్టాడు.

"ఎవరూ కదలొద్దు! ముసిలోణ్ణీ పిల్లనీ పట్టుకునేదాకా తలుపు తీసేది లేదు." అంతలో వీళ్ళని చూశాడు. "ఏం అవ్వా, ఈ గొడవలో నువ్వెక్కడ చిక్కుకున్నావు?"

శారిక వెనక్కి తిరిగి చూసింది. వెనక ఏ అవ్వా లేదు.

 ఆమె మెల్లగా తల తిప్పి, కర్ర మీద ఉన్న చేతిని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అరచెయ్యి చెంప మీద పెట్టుకుంది, తర్వాత జుట్టు మీద. ఎంతసేపో అనిపించింది గానీ కంకుడు ఒకసారి తుమ్మినంత సేపే.

"వంటశాలకి మిరియాలిచ్చి పోతున్నాం నాయనా" అంది. "వీడు నా మనవడు. నోట మాట లేనోడు. పొద్దుపోతే కొండదారి నాకు కనపడదు. కాస్త పోనీ."

"లోపలికొచ్చేటప్పుడు నిన్ను చూసిన గుర్తు లేదే?"

"నువ్వు చూసేది ముసలమ్మల్నా, పడుచుపిల్లల్నా?"

పక్కనున్న కాపలావాళ్ళు ఫక్కున నవ్వారు. కంకుడు కూడా నవ్వాపుకోలేక బల్లెం ఎత్తాడు. "పో అవ్వా పో, నోరు బాగానే ఉంది నీకు. ఒరే అబ్బాయ్, జాగ్రత్తగా తీసుకెళ్ళు. మెట్లు జారుతున్నాయి."

మూగవాడు తలూపాడు. అతని కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. కంకుడు అది చూసి, పాపం పిచ్చివాడు కూడా కాబోలు అనుకున్నాడు.

ఇద్దరూ పైకెక్కే కొండదారి పట్టారు. మొదటి మలుపు దాటాక శారిక ఒక బండ మీద కూలబడింది. రొప్పు ఎంతకీ తగ్గలేదు. శరభుడు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ పాదాలు రెండూ పట్టుకుని బావురుమన్నాడు.

"నేనే చేశాను చెల్లీ. వాడేమీ చేయలేదు, నా చేత్తో నేనే చేశాను. తొలి నీళ్ళు... అలవాటుగా... నాన్న బిళ్ళ కదా అని..."

"పారబోశావా?"

"పారబోశాను."

ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. "నాన్నైనా అంతే చేసేవాడు. నాకు కళ్ళు మసకగా ఉన్నాయి, నువ్వు సరిగా చూసి చెప్పు. ఎంత వయసొచ్చింది?"

"నువ్వు నా చెల్లెలివి."

"అది కాదు అడిగింది. ఆకు చూస్తే వయసు చెబుతావుగా. చెప్పు."

"నూట పద్దెనిమిది" అన్నాడు శరభుడు. ఆ మాట అనడం కంటే గుండెలో కత్తి దింపుకోవడం తేలికనిపించింది.

"మరైతే ఈ ఒంటికి ఎన్నాళ్ళు?"

అతను చెవి ఆమె వీపుకి ఆనించాడు. లోపల ఊపిరి ఆగి ఆగి వస్తోంది. "నాలుగు రోజులు. కొండ గాలి తగిలితే అంత కూడా ఉండదు. నిన్ను ఎత్తుకుని మహాచీన పోతాను. అక్కడ వైద్యులున్నారు, మఠాలున్నాయి, ఎవరో ఒకరు..."

"మహాచీనకి నెల రోజుల దారి కదరా అన్నయ్యా. ఆ దారి నాకు తెలియనట్టు చెబుతావేం?"

కిందనుంచి గుర్రాల డెక్కల చప్పుడు వచ్చింది. దాని వెంబడే కొమ్ము ఊది, భటుడెవడో గొంతెత్తి కొత్త ఆజ్ఞ చాటుతున్నాడు. లోయ గోడలకి తగిలి ఒక్కొక్క ముక్కా స్పష్టంగా వినపడుతోంది.

"వినండహో! పట్టవలసింది పిల్లని కాదు, ముసలిదాన్ని! దొరవారి నూరేళ్ళూ దాని ఒంట్లో ఉన్నాయి! ప్రాణాలతో తేవాలి! దాన్నుంచి ఏళ్ళు తీసే మంత్రం దొరవారే చదువుతారు! దాని ఒంటిమీద రక్తపుబొట్టు చిందించినవాడి తల తీసేస్తారహో!"

శరభుడు ఒక్క ఉదుటున లేచాడు. చెల్లెల్ని ఎత్తుకోబోయాడు. పైకి పోతే మంచు కనుమ, పక్కకి పోతే తాటిచెట్టంత లోతు లోయ. ఏదైతే అదే అయిందని కనుమ వైపు తిరిగాడు. ఆమె కర్ర అడ్డం పెట్టింది.

"విన్నావా ఆ చాటింపు?"

"విన్నాను. పద, వ్యవధి లేదు."

"సగమే విన్నావు. వాడికి కావలసింది నా ఒంట్లో ఉందిట. నాకు కావలసింది వాడి నోట్లో ఉంది. ఈ వయసు నా మీద నుంచి తీసే మంత్రం ఈ లోకంలో వాడొక్కడికే వచ్చు." శారిక కర్ర మీద బరువు వేసి లేచి నిలబడింది.  "పైకి పోతే నాలుగు రోజుల్లో చచ్చిపోతాను. కిందకి పోతే వాడు మంత్రం మొదలుపెట్టేదాకా నన్ను ఎవడూ ముట్టుకోడు. ఈ రాజ్యంలో వాడి గొంతుకి జానెడు దూరం దాకా కత్తితో నడిచి వెళ్ళగలిగేది ఇప్పుడు నేనొక్కత్తినే. ఈ ఏళ్ళు నా ఒంట్లోంచి దిగగానే, అవి వాడికి బలమిచ్చేలోపు పొడుస్తాను."

"వాడు నీ సొంత పద్దెనిమిదేళ్ళు కూడా లాగేసుకుంటే? మంత్రం మధ్యలో పొడిస్తే సగమే దిగితే? పొడవడం ఒక్క క్షణం ఆలస్యమైతే?"

"అయితే అయింది. నీ దబ్బనం ఇలా ఇయ్యి."

"వద్దే శారీ..."

"నూట పద్దెనిమిదేళ్ళదాన్ని. నా మాట కాదంటావురా?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. ముఖం అంతా నలిగిపోయి ఏడ్చేసింది, చిన్నప్పుడు గాడిద మీద నుంచి పడ్డప్పుడు ఏడ్చినట్టు నోరు తెరుచుకుని ఏడ్చింది. తర్వాత శాలువా కొసతో కళ్ళు తుడుచుకుని చెయ్యి చాచింది. శరభుడు నడుము నుంచి దబ్బనం తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొప్పులో దోపుకుంది.

మలుపులోంచి పాతిక గుర్రాలు ఒక్కసారి పైకి వచ్చాయి. ముందున్న కంకుడు వీళ్ళని చూసి కళ్ళెం లాగాడు. ఇందాక తాను నవ్వి వదిలేసిన అవ్వ ఎవరో అర్థమై అతని ముఖం పాలిపోయింది. కత్తి సగం దూసి, చాటింపు గుర్తొచ్చి, దాన్ని దూయాలో ఒరలో పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

శారిక కర్ర పొడుచుకుంటూ గుర్రాల మధ్యకి నడిచింది.

"పక్కకి తప్పుకోండయ్యా. గుర్రం కాలు తగిలి నాకు రక్తం వచ్చిందంటే మీ తలలుండవు" అంది. "నేనే వస్తున్నాను. మీ దొరకి చెప్పండి, నేను చేరేదాకా చావొద్దని."

పాతికమంది భటులూ గుర్రాలని దారికి అటూ ఇటూ లాగి నిలబడ్డారు. ఆమె ఒక్కొక్క మెట్టూ తడుముకుంటూ కోట వైపు దిగసాగింది. పడిపోతే పట్టుకోవడానికి చేతులు చాచి, శరభుడు ఆమె వెనకే నడిచాడు.